సీసపు తూటాకు గాడి ఎంత లోతు కావాలి?

అమెరికాలో గురి పోటీల కోసమో వేట కోసమో తూటాలను ఇంట్లోనే పోత పోసుకునే అలవాటు ఇప్పటికీ బలంగా ఉంది. సీసంలో కాస్త తగరం, కాస్త ఆంటిమొనీ కలిపి కరిగించి అచ్చులో పోస్తారు. చల్లారాక చుట్టూ కొవ్వో మైనమో పట్టించి తోటాలో బిగిస్తారు. ఈ పనిలో ఆరితేరినవాళ్ల మధ్య తరాలుగా నడుస్తున్న నమ్మకం ఒకటుంది: రైఫిల్ గొట్టం లోపలి గాడులు లోతుగా ఉంటేనే పోత తూటా సరిగా పోతుంది, లోతు తక్కువైతే మెత్తటి సీసాన్ని గాడి పట్టుకోలేదు, తూటా జారిపోతుంది, గొట్టం నిండా సీసం పూత పడుతుంది. 1953లో మార్లిన్ కంపెనీ 'మైక్రో-గ్రూవ్' పేరుతో గొట్టాలు తెచ్చినప్పుడు ఈ నమ్మకానికి ఒక ప్రతివాది దొరికినట్టయింది. నాలుగో ఆరో లోతైన గాడులుండే చోట ఆ కంపెనీ పదీ పన్నెండుకు పైగా సన్నని, లోతు తక్కువ గాడులు పెట్టింది. పోత తూటాలకు ఆ గొట్టం పనికిరాదన్న పేరు వచ్చింది, నేటికీ పూర్తిగా పోలేదు. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది. అయితే కొలతలు, లెక్కలు, నూటయాభై ఏళ్ల చరిత్ర దగ్గర పెట్టుకుని చూస్తే నేరం లోతుది కాదని, తూటాకూ గాడి అడుగుకూ మధ్య మిగిలిపోయే సందుదని తేలుతుంది. లోతు చేసేదల్లా ఆ సందును కొంతవరకు క్షమించడమే, ఆ క్షమకు తన ధర తను వసూలు చేస్తూ.

ముందు కొలతల సంగతి. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరుగుతూ సాగే గాడులు ఉంటాయి, గాడికీ గాడికీ నడుమ గట్లు ఉంటాయి. గట్ల మధ్య వ్యాసం ఒకటి, గాడుల అడుగుల మధ్య వ్యాసం ఇంకొకటి. అమెరికా సైన్యం 1903లో స్వీకరించిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్లో మొదటిది 7.62 మిల్లీమీటర్లు, రెండోది 7.82. అంటే గాడి లోతు 0.1 మిల్లీమీటరు, జిరాక్స్ కాగితం ఒక్క షీటు మందం. ఆ కాగితమంత అంచు తూటాను పట్టుకుని తిప్పాలి. సెకనుకు 550 మీటర్ల వేగంతో బయటికొచ్చే పోత తూటా, 25.4 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరిగే గొట్టంలో, సెకనుకు 2,100కు పైగా చుట్ల వేగం అందుకుంటుంది. అదీ రెండు మూడు మిల్లీసెకన్లలో.

ఇంత హడావిడిని సీసం తట్టుకోగలదా అన్న ప్రశ్నకు ఊహాగానం అక్కర్లేదు, ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం చాలు. 11 గ్రాముల తూటాను 60 సెంటీమీటర్ల గొట్టంలో ఆ వేగానికి, ఆ చుట్లకు తేవాలంటే గాడుల పక్కగోడలు తూటా మీద పెట్టాల్సిన పక్కబలం సగటున 130 న్యూటన్ల దగ్గర తేలుతుంది, అంటే దాదాపు 13 కిలోల బరువు. గొట్టాన్ని పట్టుకునే తూటా ఒంటి పొడవు ఒక సెంటీమీటరు అనుకుందాం. నాలుగు గాడులు, ఒక్కోటి 0.1 మిల్లీమీటరు లోతు అయితే, తిప్పే గోడల మొత్తం విస్తీర్ణం 4 చదరపు మిల్లీమీటర్లు. అంటే చదరపు మిల్లీమీటరుకు మూడు కిలోలకు పైగా. పీడనం శిఖరంలో ఉన్న క్షణంలో ఇంతకు రెండు మూడు రెట్లు. లోహాల కాఠిన్యాన్ని కొలిచే బ్రినెల్ సంఖ్య కూడా చదరపు మిల్లీమీటరుకు కిలోల లెక్కే కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. స్వచ్ఛమైన సీసానిది సుమారు 5. లైనోటైప్ యంత్రాల్లో అచ్చు అక్షరాలు పోయడానికి వాడిన లోహం, అంటే 84 పాళ్ల సీసానికి 12 ఆంటిమొనీ, 4 తగరం కలిపినది, 22 దగ్గర ఉంటుంది. ఆ వేగంలో స్వచ్ఛమైన సీసం ఓడిపోతుందని, అక్షరాల లోహం నిలబడుతుందని ఈ మోటు లెక్కే చెప్పేస్తోంది. ఛాపాఖానాల్లో మూలన పడ్డ పాత అక్షరాల కోసం తూటాలు పోసేవాళ్లు ఎగబడింది అందుకే.

ఇప్పుడు అదే లెక్కను లోతు తక్కువ గొట్టానికి వేద్దాం. పన్నెండు గాడులు, ఒక్కోటి 0.06 మిల్లీమీటరు లోతు అనుకోండి. గోడల మొత్తం విస్తీర్ణం 7 చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది. ఒక్కో గాడి పట్టు తగ్గింది గానీ మొత్తం పట్టు నాలుగు లోతైన గాడుల కన్నా దాదాపు రెట్టింపైంది. లోతు తక్కువ కాబట్టి పట్టు తక్కువ అన్న వాదం ఇక్కడే సగం కూలిపోతుంది. ఇక మిగిలిన సగం.

ఈ లెక్కలన్నీ తూటా గాడి అడుగుదాకా నిండి ఉందన్న షరతు మీద వేసినవి. ఆ షరతు తప్పిందనుకోండి. మార్లిన్ తయారుచేసిన .44 క్యాలిబర్ రైఫిళ్లలో గాడుల వ్యాసం తరచు 0.431 అంగుళాలో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. ఆ క్యాలిబర్‌కు అందరూ వాడే తూటా 0.429. తేడా అంగుళంలో వెయ్యింట రెండు వంతులు, వ్యాసం మీద 0.05 మిల్లీమీటరు, ఒక్కో పక్కన 0.025. ఈ కాస్త సందు 0.1 మిల్లీమీటరు లోతున్న గాడిలో పావు వంతును మింగేస్తుంది. 0.06 లోతున్న గాడిలో నలభై శాతాన్ని మింగేస్తుంది. తూటా అదే, సందు అదే, నష్టం మాత్రం రెండో గొట్టానికి ఎక్కువ. పట్టు తగ్గడం ఒక్కటే అయితే గట్టి లోహంతో సర్దుకోవచ్చు. కానీ ఆ సందులోంచి వేల వాతావరణాల పీడనంలో ఉన్న మండే వాయువు ముందుకు దూసుకుపోతూ తూటా అంచుల్ని కోసేస్తుంది, కోసిన సీసాన్ని గొట్టం గోడలకు పూస్తుంది. తర్వాత వచ్చే ప్రతి తూటా ఆ పూత మీద రుద్దుకుంటూ వెళ్లాలి. గురి చెదిరిపోయిన కాల్పువాడు గొట్టంలోకి తొంగిచూసి, గాడులు లోతు తక్కువగా ఉండటం గమనించి, దొంగ దొరికాడనుకుంటాడు. కొలబద్ద తీసి వ్యాసం కొలిచినవాడికి వేరే సంగతి తెలుస్తుంది. వెయ్యింట ఒకటో రెండో వంతులు లావైన తూటా పోసి వాడితే అవే మైక్రో-గ్రూవ్ గొట్టాలు చక్కగా కాల్చాయని చెప్పే అనుభవజ్ఞులు అమెరికాలో కొల్లలు.

అయితే వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. లోతుకు అంత ప్రాముఖ్యం లేకపోతే, మెత్తటి సీసపు తూటాలే దిక్కైన పందొమ్మిదో శతాబ్దంలో సైన్యాలు అంతంత లోతు గాడులు ఎందుకు కోయించాయి? మంచి ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను మించిన సాక్షి లేదు. ఆ కోవి పేరు మన దేశ చరిత్రలోనూ ఉంది. దాని కాగితపు తోటాలకు పూసిన కొవ్వు గురించి రేగిన అనుమానమే 1857 తిరుగుబాటుకు నిప్పురవ్వల్లో ఒకటైంది. ఆ కొవ్వు అక్కడ ఉండటానికి కారణం మన ప్రశ్నకు నేరుగా తగిలేదే. నల్ల తుపాకిమందు కాలితే బరువులో సగానికి పైగా గట్టి మసిగా మిగులుతుంది. మూతి వైపు నుంచి తూటాను దిగ్గొట్టే కోవిలో నాలుగైదు కాల్పులకే ఆ మసి గొట్టాన్ని ఇరుకు చేసేస్తుంది. కొవ్వు మసిని మెత్తబరుస్తుంది. అది చాలనప్పుడు తూటానే సన్నగా చేయాలి. 0.577 అంగుళాల గొట్టానికి మొదట 0.568 అంగుళాల తూటా ఇచ్చారు. వేడి దేశపు యుద్ధంలో అది దిగక ఇబ్బంది పెట్టాక 0.550కి తగ్గించారు. అంటే తూటాకూ గొట్టానికీ మధ్య దాదాపు 0.7 మిల్లీమీటర్ల సందును కావాలనే పెట్టారు. ఆ సందును నింపే భారం తూటా అడుగున ఉన్న గుంటది. మందు పేలగానే గుంట అంచులు విచ్చుకుని గాడుల్లోకి ఒదగాలి. ఫ్రెంచి అధికారి మినియె పేరుతో ప్రసిద్ధమైన ఈ ఉపాయానికి దక్షిణ భారతంలోనే బీజం పడిందని ఒక కథనం ఉంది. ఇక్కడ పనిచేసిన కెప్టెన్ నార్టన్, స్థానికులు ఊదుగొట్టాల్లో బాణం వెనుక బెండు పెట్టి, ఊదినప్పుడు అది ఉబ్బి గాలిని ఆపడం చూసి 1820లలో ఉబ్బే తూటా ఆలోచన చేశాడని చెబుతారు.

ఆ ఎన్‌ఫీల్డ్ గాడుల లోతు 1858 నుంచి గొట్టం పొడవునా ఒకేలా లేదు. మొదట్లో 0.38 మిల్లీమీటరు, మూతి దగ్గరకు వచ్చేసరికి 0.13. అదే కాలపు అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ కోవుల్లోనూ ఇవే అంకెలు. ఇంత లోతు తూటాను తిప్పడానికేనా? మన లెక్క మళ్లీ వేద్దాం. తూటా బరువు 34 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్ల ప్రాంతం, మెలి దాదాపు రెండు మీటర్లకు ఒక్క చుట్టు. కావలసిన పక్కబలం సగటున మూడు కిలోలు కూడా లేదు. మూడు వెడల్పాటి గాడుల గోడల మీద పరిస్తే చదరపు మిల్లీమీటరుకు రెండు మూడు వందల గ్రాములు దాటదు. స్వచ్ఛమైన సీసం సైతం లెక్కచేయని ఒత్తిడి అది. కాబట్టి ఆ లోతు పట్టు కోసం కాదు. ఆ తూటా గాడిని ఎంతవరకు నింపుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. గుంట అంచు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ విచ్చుకోవచ్చు. మసి ఎంత పట్టిందో ఏ రెండు కాల్పులకూ ఒకేలా ఉండదు. మొదట్లో లోతు ఎక్కువ ఉంటే సగం నిండినా పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత లోతు క్రమంగా తగ్గుతూ పోతుంటే, తూటా ముందుకు సాగేకొద్దీ సందులు నొక్కుకుపోయి మూసుకుంటాయి. లక్షల సంఖ్యలో తయారయ్యే కోవులు, ఎవడి చేతిలో పడతాయో తెలియని తోటాలు, ఎండా వానా. ఇన్ని అనిశ్చితుల మీద కట్టిన బీమా ప్రీమియం ఆ లోతు.

ఆ ప్రీమియం ఎంత ఖరీదో 1857లో ఇంగ్లండులోని హైత్ దగ్గర జరిగిన పరీక్షల్లో బయటపడింది. జోసెఫ్ విట్‌వర్త్ ఆరు పలకల గొట్టంతో, 0.451 అంగుళాల చిన్న క్యాలిబర్‌తో, 20 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున మెలి పెట్టి తయారుచేసిన రైఫిల్‌ను ఎన్‌ఫీల్డ్‌తో పోల్చారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ తూటాల సగటు చెదురు 2.24 అడుగులు, విట్‌వర్త్‌ది 0.37. దీన్ని పట్టుకుని ఎవరైనా నాతో ఎదురు వాదించవచ్చు: విట్‌వర్త్ గొట్టంలో పలకకూ మూలకూ మధ్య ఎత్తు తేడా అర మిల్లీమీటరు దాకా ఉంది కదా, అది లోతే కదా, మరి గురి ఎలా కుదిరింది? అక్కడ నిలువు గోడ లేదు. తూటాను ఆరు పలకలుగానే తయారు చేశారు, అది గొట్టానికి దాదాపు సరిగ్గా సరిపోయింది. మామూలు సీసపు తూటా పెట్టినా పేలుడు ఒత్తిడికి ఉబ్బి మూలల్లోకి ఒదిగింది. కోతా చీరుడూ లేకుండా ఆకారం మాత్రం మారింది. సందు లేనప్పుడు, లోహాన్ని చీల్చే అంచు లేనప్పుడు లోతు హాని చేయలేదు. చిన్న క్యాలిబర్, పొడవైన తూటా, గట్టి మెలి కూడా ఆ గెలుపులో పాలు పంచుకున్నాయి, కాబట్టి ఘనత మొత్తం గొట్టం లోపలి ఆకారానికే కట్టబెట్టడం అన్యాయం.

ఈ చిక్కుముడిని అసలు విప్పినవాడు విలియం ఎలిస్ మెట్‌ఫర్డ్ అని నా అభిప్రాయం. వృత్తికి రైల్వే ఇంజనీరు. 1857లో ఈస్టిండియన్ రైల్వే ఉద్యోగం మీద మన దేశానికి వచ్చి, ముంగేరులో తిరుగుబాటు రోజుల రక్షణ ఏర్పాట్లలో పాలుపంచుకుని, ఆరోగ్యం చెడి మరుసటి ఏడాది వెనక్కి వెళ్లిపోయాడు. 1865లో అతడు తెచ్చిన పోటీ రైఫిల్లో ఐదు లోతు తక్కువ గాడులున్నాయి, వాటికి జతగా గట్టిపరిచిన స్తంభాకారపు తూటా. అప్పటిదాకా అందరూ లోతైన గాడి, మెత్తటి సీసం అనే జంటను నమ్ముకున్నారు. మెట్‌ఫర్డ్ జంటనే మార్చేశాడు. గట్టి తూటా పేలుడు దెబ్బకు కొద్దిగా మాత్రమే లావెక్కుతుంది. ఆ కొద్దిపాటి లావు లోతైన గాడిని నింపలేదు గానీ లోతు తక్కువ గాడిని పూర్తిగా నింపేస్తుంది. నిండిన చోట వాయువుకు దారి లేదు. గట్టి లోహం కాబట్టి గుండ్రని ముక్కు, చదునైన అడుగు చెడకుండా బయటికి వస్తాయి. మూలలు నునుపుగా ఉన్న ఆ గాడుల్లో మసి నిలిచేదీ తక్కువే. పోత తూటాకు లోతు తక్కువ గాడి శత్రువన్న వాళ్లు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి. దశాబ్దాల తర్వాత అమెరికాలో పోత తూటాల పోటీ గొట్టాలకు పెట్టింది పేరైన హ్యారీ పోప్ కూడా ఎనిమిది లోతు తక్కువ గాడులనే ఎంచుకున్నాడు. మూతి నుంచి జాగ్రత్తగా దింపిన, కొలతకు సరిపోయిన తూటాతో.

చదునైన అడుగు అన్న మాట తేలిగ్గా దాటిపోయేది కాదు. 1909లో ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికన్ వైద్యుడు ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలను పుస్తకంగా వేశాడు. తూటా ముక్కును కాస్త చెడగొట్టినా గురి పెద్దగా మారలేదు. అడుగు అంచును చెడగొడితే చెదిరిపోయింది. మూతి దాటే క్షణంలో వాయువు తూటాను చివరిసారి తోసేది ఆ అడుగునే మరి. ఒక పక్క అంచు విరిగి ఉంటే అక్కడ వాయువు ముందుగా బయటపడి తూటాను పక్కకు నెడుతుంది. లోతైన గాడి వసూలు చేసే ధర ఇదే. గట్లు తూటా ఒంట్లోకి దిగినంత మేర సీసం ఎక్కడికో పోవాలి. నునుపైన ఒంటికి కందకాలు కోస్తే ఆ సీసం వెనక్కి ఈడ్చుకుపోయి అడుగు అంచున పీచులా వేలాడుతుంది. లోతు ఎంత ఎక్కువైతే పీచు అంత ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తూటా అడుగుకు రాగి గిన్నె తొడగడం వాడుకలోకి వచ్చింది ఈ అంచును కాపాడటానికే. వాయువు కోతను కూడా అది ఆపుతుంది.

మరి నేటి గొట్టాల లోతు ఎవరు నిర్ణయించారు? సీసం కాదు. 1888లో బ్రిటిష్ సైన్యం మెట్‌ఫర్డ్ గాడులతోనే లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను స్వీకరించింది. తర్వాత నల్ల తుపాకిమందు పోయి కార్డైట్ అనే కొత్త మందు వచ్చింది. కార్డైట్ మంట చాలా వేడి, పైగా తూటాకు గట్టి లోహపు తొడుగు. రెండూ కలిసి లోతు తక్కువ, నునుపు మూలల గాడుల్ని వేగంగా అరగదీశాయి. 1895లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం ఐదు లోతైన, పదునైన మూలల గాడులు పెట్టింది, అదే లీ-ఎన్‌ఫీల్డ్. లోతు పెంచింది అరుగుదలను ఓర్చుకోవడానికి. కాబట్టి సైనిక గొట్టం చూపించి లోతే మేలని పోత తూటాకు పాఠం చెప్పడం వేరే వ్యాధికి రాసిన మందుచీటీని వాడటం లాంటిది.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్పత్తి వేగం కోసం అమెరికా 1903ఏ3 రైఫిళ్లకు రెండే గాడులున్న గొట్టాలు వేసింది. లోతు మారలేదు, తిప్పే గోడలు సగానికి తగ్గాయి. అయినా పోత తూటాలకు అవి నాలుగు గాడుల వాటికి తీసిపోలేదని కాల్చినవాళ్లు చెబుతారు. అలాంటప్పుడు నా విస్తీర్ణం లెక్కకు విలువేమిటి? ఆ లెక్క చెప్పేది ఒక హద్దు. గట్టి లోహం వాడి, వేగాన్ని అదుపులో పెట్టినంత కాలం గోడలు సగానికి తగ్గినా హద్దు లోపలే ఉంటాం, కాబట్టి తేడా కనిపించదు. మెత్తటి సీసాన్ని అదే గొట్టంలో సెకనుకు 600 మీటర్లకు తోస్తే హద్దు దాటుతుంది, తూటా మెలి వెంట తిరగకుండా మొదట్లో నేరుగా జారుతుంది, గట్ల గుర్తులు తూటా ముందు భాగంలో వెడల్పుగా కనిపిస్తాయి. లోతు తక్కువ గాడిని తప్పుపట్టే వాళ్ల మాటలో ఉన్న నిజం ఇదే: తప్పుకు చోటు తక్కువ.

ఒత్తిడికి ఉబ్బి సందు నింపుకోవడమన్న ఉపాయం మాత్రం పాత కోవులతో పోలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడేది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్. నడుము సన్నం, వెనుక పావడాలా పలుచని అంచు. పోత పోసింది కాదు, అచ్చులో నొక్కి చేసింది. గాలి ఒత్తిడికి ఆ పావడా గాడులకు అతుక్కుంటుంది. బలాలు చిన్నవి కాబట్టి మెత్తటి సీసం చాలు, లోతు కూడా అక్కర్లేదు.

చివరగా లీ-ఎన్‌ఫీల్డ్‌నే పరీక్షకు పెడదాం, ఎందుకంటే నా వాదం తప్పైతే అది బయటపడాల్సింది అక్కడే. లోతైన, పదునైన గాడులు, పోత తూటాకు నమ్మకం ప్రకారం ఆదర్శం. యుద్ధకాలపు తయారీలో గాడుల వ్యాసం మాత్రం 0.311 అంగుళాల నుంచి 0.317 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 0.311 తూటా పెట్టినవాడికి లావు గొట్టం దొరికితే ఆ లోతంతా ఉండి కూడా సీసం పూత, చెదిరిన గురి తప్పవు. 0.314కో అంతకు పైకో తూటాను మారిస్తే అదే గొట్టం దారికొస్తుంది. ముందుగా మెత్తటి సీసపు ముద్దను గొట్టంలోంచి తోసి, బయటికొచ్చిన దాని లావు కొలిస్తే ఏ తూటా కావాలో తెలుస్తుంది. ఐదు గాడులు కావడంతో అక్కడా ఒక తిరకాసు ఉంది. ఒక గాడికి సరిగ్గా ఎదురుగా ఇంకో గాడి ఉండదు, గట్టు ఉంటుంది. మామూలు మైక్రోమీటరు ఆ ముద్ద మీద చూపే అంకె అసలు వ్యాసం కన్నా తక్కువ. దాన్ని నమ్మి తూటా ఎంచుకున్నవాడు సన్నని తూటానే ఎంచుకుంటాడు.